కళ్ళెం టూల్‌ని ఇంకా మోయాలా, ఆర్కైవ్ చేసేయాలా?

బెజవాడ_బ్యాష్ | శుక్రవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఇవాళ ఒక సలహా కావాలి: నా టూల్‌ని ఇంకా నడపాలా, ఆర్కైవ్ చేయాలా (అంటే ఇక మార్పులుండవని తాళం వేసి పెట్టడం).

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో రాసిన టూల్ ఒకటుంది, పేరు కళ్ళెం. ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) నంబరు, అంటే పీఐడీ ఇచ్చి ‘ఇంత శాతం దాటకూడదు’ అంటే దాని సీపీయూ వాడకాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. సీ భాషలో 640 లైన్లు, ఒక మేక్‌ఫైల్, అంతే. ఏంజెలో మార్లెట్టా రాసిన సీపీయూలిమిట్ కోడ్ చదివి, నాకు ఎంతవరకు బుర్రకెక్కిందో చూసుకుందామని మళ్ళీ మొదట్నుంచి రాసుకున్నాను. కిటుకు కూడా అదే. ప్రాసెస్‌కి సిగ్‌స్టాప్ అనే సిగ్నల్ పంపి ఆపడం, కాసేపాగి సిగ్‌కాంట్ పంపి వదలడం. ఒక్కో విడత 100 మిల్లీసెకన్లు. 40 శాతం అడిగితే 40 పరుగు, 60 నిద్ర. మధ్యమధ్యలో ప్రాక్‌లో (లినక్స్‌లో ప్రాసెస్‌ల వివరాలు చూపే ఫోల్డరు) ఆ ప్రాసెస్ స్టాట్ ఫైలు తెరిచి 14, 15 గడులు (యూజర్ టైమ్, సిస్టమ్ టైమ్) చదువుకుని లెక్క సవరించుకుంటుంది.

పదేళ్ళు దాటింది. ఎవరు వాడుతున్నారో తెలీదు కానీ ఇష్యూలు (వాడేవాళ్ళ ఫిర్యాదులు) మాత్రం వస్తూనే ఉన్నాయి. ఈ వారంలోనే మూడు:

ఒకాయన: ‘నా రెండరింగ్ గడ్డకట్టుకుపోయింది, కళ్ళెం కనపడట్లేదు, ప్రాసెస్ మాత్రం చావలేదు, కదలట్లేదు.’

ఇంకొకాయన: ‘కొత్త మాక్‌లో 50 పెట్టినా 5 పెట్టినా ఒకటే, పూర్తి వేగంతో పోతోంది.’

మూడో ఆయన: ‘సీగ్రూప్‌లు వచ్చి ఇన్నేళ్ళయ్యాక ఈ టూల్ ఎందుకు బతికుంది?’

మూడోదానికే నా దగ్గర జవాబు లేదు: సీగ్రూప్‌లంటే ప్రాసెస్‌ల గుంపుకి లినక్సే పరిమితి పెట్టే ఏర్పాటు. ఇంట్లో ఎనిమిది నెలల పాప. రాత్రి పదకొండు దాటాకే కీబోర్డు ముట్టుకునేది. పైగా కొత్త గ్లిబ్‌సీతో (లినక్స్‌లో సీ ప్రోగ్రాములు వాడే లైబ్రరీ) బిల్డ్ కూడా ఆగిపోతోంది. ఎప్పుడో కాపీ కొట్టిన సిస్‌కంట్రోల్ హెడర్ లైను ఒకటి ఉంది, ఆ హెడర్‌ని 2.32లో ఎత్తేశారు. ఒక్క లైను తీసేస్తే సరిపోయేదానికి నాలుగు నెలలుగా కూర్చోలేదు. ఆర్కైవ్ బటన్ నొక్కేయనా?

రూట్_యాక్సెస్ | శనివారం, ఉదయం 6:15

నొక్కేయండి. బాధపడాల్సిందేం లేదు.

సీపీయూ కోటా లినక్స్ కెర్నల్‌లోకి (సిస్టమ్ గుండెకాయ) 3.2తో వచ్చింది, 2012లో. సీగ్రూప్ రెండో వెర్షన్ 4.5తో, 2016లో. ఇవాళ సీపీయూ.మ్యాక్స్ అనే ఫైల్లో ‘40000 100000’ అని రాస్తే లక్ష మైక్రోసెకన్లలో నలభై వేలు దాటనివ్వదు. అదే పని సిస్టమ్‌డీ-రన్ అనే కమాండ్‌కి సీపీయూకోటా 40% అని ఇస్తే ఒక్క లైన్లో అయిపోతుంది. పిల్ల ప్రాసెస్‌లు, వాటి పిల్లలు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. సిగ్నళ్ళు లేవు, గడ్డకట్టడాలు లేవు. లెక్క సీపీయూని పంచే షెడ్యూలర్ చేతిలోనే ఉంటుంది.

బయట నుంచి ఆపి వదలడం అంటే నడుస్తున్న బస్సుని ప్రతి పది అడుగులకీ చెయ్యెత్తి ఆపడమే. డ్రైవరుకి చెప్పి నెమ్మదిగా పోనివ్వడం వేరు.

ఓరుగల్లు_పోరడు | శనివారం, ఉదయం 9:02

అన్నా, గట్ల ఒక్క మాటల తీసెయ్యకు. నీ దగ్గర రూట్ (అడ్మిన్ అధికారం) ఉంది, పేరులనే ఉంది. మాకు ఉండాలె గద?

మా ఆఫీసుల ఒక్కటే సర్వర్, పదిహేను మందిమి లాగిన్ అయితం. అడ్మిన్‌ని కోటా పెట్టుమంటే టికెట్ వేయుమంటడు, టికెట్ వేస్తే వారం. నా ప్రాసెస్‌ని నేనే పట్టుకోవాలంటే సిగ్నల్ పంపుడొక్కటే నా చేతిల ఉన్నది. సొంత ప్రాసెస్‌కి సిగ్‌స్టాప్ పంపనీకి ఎవని పర్మిషన్ అక్కర్లే. కళ్ళెం నేను వాడుతనే ఉన్న. ఆర్కైవ్ చేయకు బ్రో.

కెర్నలమ్మ | శనివారం, ఉదయం 10:48

రూట్ లేకపోయినా, డిస్ట్రో (మీ లినక్స్ రకం) మీ యూజర్ స్లైస్‌కి సీపీయూ కంట్రోలర్ అప్పగించి ఉంటే, అంటే కోటా పెట్టే హక్కు మీకిచ్చి ఉంటే, సిస్టమ్‌డీ-రన్‌ని యూజర్ మోడ్‌లో నడపొచ్చు. ఒకసారి చూసుకోండి. అప్పగించకపోతే మాత్రం పోరడు గారు చెప్పిందే నిజం.

నైస్ (ప్రాసెస్ ప్రాధాన్యం తగ్గించే కమాండ్) వాడొచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెప్తున్నాను. నైస్ 19 పెట్టినా మెషీన్ ఖాళీగా ఉంటే ఆ ప్రాసెస్ మొత్తం సీపీయూ తినేస్తుంది. అది వరసలో వెనక నిలబెట్టడమే, తిండి తగ్గించడం కాదు. పక్కవాళ్ళకి అడ్డు రాకుండా ఉంటే చాలనుకుంటే నైసే మేలు. వేడీ, ఫ్యాను మోతా తగ్గాలంటే కోటానో కళ్ళెమో కావాలి.

ఆపి-వదిలే పద్ధతికి ఎవరూ చెప్పని చిక్కు ఇంకొకటుంది. ప్రాసెస్ ఏదైనా లాక్ (ఒకేసారి ఒకరే వాడాలనే తాళం) పట్టుకుని ఉండగా ఆపారనుకోండి, ఆ లాక్ కోసం చూసేవాళ్ళందరూ దానితోపాటే ఆగుతారు. డేటాబేస్ మీద ప్రయోగించి, ఉన్న సైటంతా నత్తనడక నడుస్తోందని తల పట్టుకున్నవాళ్ళని చూశాను. కోటాలోనూ ఇది కొంత ఉంది. డిస్‌ప్లే నడిపే ప్రాసెస్‌ని ఆపితే ఇంకా తమాషా: కళ్ళేన్ని చంపడానికి టెర్మినల్ కూడా కనపడదు.

అక్షర_డీటీపీ | శనివారం, మధ్యాహ్నం 1:30

నేను ప్రోగ్రామర్ని కాదండి. తెనాలిలో డీటీపీ కొట్టు. కళ్ళెం వాడేవాళ్ళలో నేనొకణ్ణి, అందుకని రాస్తున్నా.

పాత పుస్తకాలు స్కాన్ చేసి టెసెరాక్ట్‌తో తెలుగు అక్షరాలు తీయిస్తుంటాను. ఉన్నది ఒక్కటే కంప్యూటర్, ఐ3, నాలుగు జీబీ ర్యామ్. టెసెరాక్ట్ పనిలో ఉండగా పెళ్ళికార్డు ప్రింటుకి ఎవరైనా వస్తే పేజ్ తెరవడానికే ఐదు నిమిషాలు. మా మేనల్లుడు కళ్ళెం పెట్టిచ్చాడు. ఒక కిటికీలో టెసెరాక్ట్ నడుస్తుంటుంది, రెండో కిటికీలో కళ్ళెం, 40 శాతం. అప్పట్నుంచి ప్రాణం హాయిగా ఉంది.

ఒక్కటే ఇబ్బంది. సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు కళ్ళెం కిటికీ మూసేస్తాను, రాత్రంతా టెసెరాక్ట్ ఫుల్ స్పీడులో పోతుందిలే అని. పొద్దున్నే చూస్తే ఉన్న పేజీలోనే ఉంటుంది. దాదాపు ప్రతిసారీ అంతే. పాత కంప్యూటర్ కదా, స్టక్ అయిందనుకుని మళ్ళీ మొదలెడతాను. ఇది కళ్ళెం వల్లనే అంటారా?

బెజవాడ_బ్యాష్ | శనివారం, మధ్యాహ్నం 2:11

అయ్యో. ఎన్నాళ్ళుగా అండి?

మీరు కిటికీ ఎలా మూస్తారు? కంట్రోల్-సీ నొక్కా, లేక మూలనున్న ఇంటూ గుర్తు నొక్కా?

అక్షర_డీటీపీ | శనివారం, మధ్యాహ్నం 2:40

ఇంటూ గుర్తేనండి. కంట్రోల్-సీ అంటే మాకు కాపీ. రెండేళ్ళు అయుంటుంది.

కెర్నలమ్మ | శనివారం, మధ్యాహ్నం 3:05

దొరికింది.

ఇంటూ నొక్కితే కళ్ళేనికి వెళ్ళేది సిగ్‌ఇంట్ (కంట్రోల్-సీ పంపే సిగ్నల్) కాదు, సిగ్‌హప్ (టెర్మినల్ మూసుకుపోయిందనే సిగ్నల్). ఇప్పుడే మీ సోర్స్ చూశాను. సిగ్‌ఇంట్‌కి హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే ఏం చేయాలో చెప్పే కోడ్) ఉంది, సిగ్‌టర్మ్‌కి (మామూలు కిల్ పంపేది) ఉంది, రెండూ పోయే ముందు సిగ్‌కాంట్ పంపి పోతున్నాయి. సిగ్‌హప్‌కి లేదు. హ్యాండ్లర్ లేకపోతే అది అక్కడికక్కడే చంపేస్తుంది. ఆ క్షణంలో టెసెరాక్ట్ నిద్రలో ఉంటే, లేపేవాడు పోయాడు కాబట్టి అది అలా పడి ఉండాల్సిందే. పీఎస్ (ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్)లో స్థితి దగ్గర పెద్ద ‘టి’ కనపడుతుంది.

‘దాదాపు ప్రతిసారీ’ అన్నారు చూడండి, అక్కడ ఆగాను. 40 శాతానికి నూటికి అరవై సార్లే కదా అవ్వాలి? కానీ టెసెరాక్ట్ ఓపెన్‌ఎంపీ లైబ్రరీతో నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పాయలు) పరిగెత్తిస్తుంది, అంటే వదిలేస్తే ఒక్కోదానికి 100 చొప్పున 400 దాకా తింటుంది. దాన్ని 40కి దించాలంటే పదింట ఒక వంతే నడవనిస్తారు. తక్కిన తొమ్మిది వంతులూ నిద్రే. మీరు ఎప్పుడు ఇంటూ నొక్కినా నూటికి తొంభై సార్లు నిద్రలోనే దొరుకుతుంది. మీ లెక్క కరెక్టు, అక్షర గారూ.

ఇప్పటికి మందు: ఏదైనా కిటికీలో కిల్, ఖాళీ, మైనస్ కాంట్, ఖాళీ, పీఐడీ. మొదట్నుంచి మొదలెట్టక్కర్లేదు, ఆగిన చోట నుంచే లేస్తుంది.

బెజవాడ_బ్యాష్ | శనివారం, మధ్యాహ్నం 3:20

రెండేళ్ళుగా ఒకాయన రోజూ పొద్దున మళ్ళీ మొదలెడుతున్నారు, నేను రాయని ఒక్క లైను వల్ల. అక్షర గారూ, క్షమించండి.

మొదటి ఇష్యూ పెట్టినాయనది కూడా ఇదే అయుంటుంది. ఎస్ఎస్‌హెచ్ (దూరపు సర్వర్లోకి లాగిన్) తెగిపోతే వచ్చేదీ హప్పే కదా.

రూట్_యాక్సెస్ | శనివారం, సాయంత్రం 4:30

హప్ సరే. ఎవరైనా కిల్ మైనస్ 9 (అడగకుండా చంపేసే సిగ్నల్) కొడితే? దానికి హ్యాండ్లరే ఉండదు. మా దగ్గర సగం మందికి తెలిసిన కిల్ అదొక్కటే. ఇది పద్ధతిలోనే ఉన్న లోపం, కోటాలో ఈ ప్రశ్నే రాదు.

కెర్నలమ్మ | శనివారం, సాయంత్రం 5:12

వస్తే దారి ఉంది. కళ్ళెం మొదలవగానే ఒక పిల్ల ప్రాసెస్‌ని ఫోర్క్ చేసి (పుట్టించి), మధ్యలో ఒక పైప్ (సమాచారం పారే గొట్టం) పెట్టండి. రాసే కొస తల్లి దగ్గర, చదివే కొస పిల్ల దగ్గర. తల్లి ఎలా చచ్చినా, 9తో చచ్చినా, కెర్నల్ ఆ కొస మూసేస్తుంది. పిల్ల రీడ్‌లో సున్నా (అటువైపు ఎవరూ లేరని) అందుకుని, టార్గెట్‌కి (మనం ఆపిన ప్రాసెస్‌కి) సిగ్‌కాంట్ పంపి తనూ పోతుంది. ఇరవై లైన్లు.

రెండు జాగ్రత్తలు. పిల్లలో రాసే కొస మూయడం మరిచిపోతే ఆ సున్నా ఎప్పటికీ రాదు, ఈ తప్పు నేనూ చేశాను. పిల్లని సెట్‌సిడ్‌తో వేరే సెషన్లో పెట్టాలి, లేకపోతే టెర్మినల్ మూసినప్పుడు అదీ పోతుంది. ఇంకా, కిల్ఆల్ మైనస్ 9 (పేరుతో వెతికి అన్నిటినీ చంపే కమాండ్) కొట్టే మహానుభావుల కోసం పిల్ల పేరు మార్చేయండి.

సిగ్నల్ పంపేటప్పుడు పీఐడీ బదులు పీఐడీఎఫ్‌డీ (ఆ ఒక్క ప్రాసెస్‌నే సూచించే హ్యాండిల్) వాడితే ఇంకా మంచిది. టార్గెట్ చచ్చి, అదే నంబరు వేరే ప్రాసెస్‌కి వస్తే మీరు సంబంధం లేనిదాన్ని ఆపేస్తారు. దాంతో సిగ్నల్ పంపే పిలుపు (సిస్టమ్ కాల్) కెర్నల్ 5.1 నుంచి ఉంది, తెరిచే పిలుపు 5.3 నుంచి. పాత కెర్నల్ అయితే స్టాట్‌లో 22వ గడి, ప్రాసెస్ పుట్టిన సమయం, సరిపోల్చుకోండి.

డాలస్_నుంచి | శనివారం, రాత్రి 8:45 (మాకు ఉదయం)

మాక్ ఇష్యూ పెట్టింది నేనే అండి. కళ్ళెం నాకు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వీడియో ఎన్‌కోడ్ చేసేటప్పుడు కావాలి. మాక్‌లో సీగ్రూప్‌లు లేవు, కాబట్టి రూట్ గారి వాదన నాకు వర్తించదు :)

నిన్న రాత్రి కాస్త తవ్వాను. ప్రాసెస్ ఎంత సీపీయూ తిన్నదో మాక్ ఇచ్చే సంఖ్యని కళ్ళెం నానోసెకన్లు అనుకుంటోంది. అది నానోసెకన్లు కాదు, మాక్ టైమ్ (Mach time, ఆ సిస్టమ్ సొంత గడియారం) యూనిట్లు. ఇంటెల్ మాక్‌లో రెండూ ఒకటే (నిష్పత్తి 1కి 1), అందుకే ఇన్నాళ్ళూ దొరకలేదు. ఆపిల్ సొంత చిప్పుల్లో నిష్పత్తి 125కి 3. అంటే దాదాపు 41.67 రెట్ల తేడా. ఒక కోర్‌ని నూటికి నూరూ తింటున్న ప్రాసెస్ కళ్ళేనికి 2.4 శాతంలా కనిపిస్తోంది. ‘పాపం, ఏమీ తినట్లేదు’ అని వదిలేస్తోంది.

టైమ్‌బేస్ (ఆ నిష్పత్తి) అడిగి గుణించే ప్యాచ్ (కోడ్ సవరణ) పంపాను, ఐదు లైన్లు. నాకు కమిట్ హక్కులిస్తే (కోడ్‌ని నేరుగా మార్చే అనుమతి) మాక్ వైపు నేను చూసుకుంటాను, ఆర్కైవ్ చేయక్కర్లేదు.

రూట్_యాక్సెస్ | శనివారం, రాత్రి 9:20

డాలస్ గారి మీద అనుమానం కాదు కానీ, బ్యాష్ గారూ, హక్కులు తొందరపడి ఇవ్వకండి. ఎక్స్‌జెడ్ (ఫైళ్ళు కుదించే టూల్) సంగతి గుర్తుంది కదా. అలిసిపోయిన మెయింటెయినరు, రెండేళ్ళకు పైగా ఓపిగ్గా సాయం చేసిన ‘జియా టాన్’, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు బయటపెట్టాడు. ఎలా పట్టాడో తెలుసుగా, ఎస్ఎస్‌హెచ్ లాగిన్లు అనవసరంగా సీపీయూ తింటున్నాయని, అర సెకను ఆలస్యమవుతోందని. మన టాపిక్కే!

డాలస్_నుంచి | శనివారం, రాత్రి 9:41

తప్పేం లేదండి, నిజమే. హక్కులొద్దు. ప్యాచ్‌లు పంపుతుంటాను, చూసి కలుపుకోండి.

ఓరుగల్లు_పోరడు | ఆదివారం, ఉదయం 10:30

నాదొక చిన్న బగ్. నవ్వొద్దు.

తెలుగు మీద ప్రేమతోని కళ్ళేనికి తెలుగు పేరుతోనే సిమ్‌లింక్ (ఫైలుకి మారుపేరు) పెట్టుకున్న, ‘కళ్ళెం’ అని. గది నడుస్తది. కానీ పేరుతోని వెతికే ఆప్షన్ల ‘కళ్ళెం’ అని ఇస్తే దొరకదంటది. ప్రాక్‌ల కామ్ ఫైల్ (ప్రాసెస్ పేరుండేది) తెరిస్తే ‘కళ్ళె’ అని ఉంది. సున్న ఏడవోయింది?

కెర్నలమ్మ | ఆదివారం, ఉదయం 11:15

నవ్వకుండా ఉండలేకపోయాను, క్షమించండి :)

కెర్నల్ ప్రాసెస్ పేరుకి ఇచ్చే చోటు 16 బైట్లు, చివరిది ముగింపుకి పోగా 15. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు. క, ళ, పొల్లు, ళ, ఎత్వం: ఐదు మూళ్ళు పదిహేను. సున్నకి చోటు లేదు. ఇంగ్లీషు వాళ్ళకీ ఇదే తిప్పలు, క్రోమియం-బ్రౌజర్ సరిగ్గా 16 అక్షరాలు, చివరి ‘ఆర్’ ఎప్పుడూ ఎగిరిపోతుంది.

పేరుతో వెతికేటప్పుడు కామ్ బదులు ఎగ్జిక్యూటబుల్ పాత్, కమాండ్‌లైన్ చూడాలి. అన్నట్టు స్టాట్ చదివే చోట కూడా పేరులో ఖాళీ గానీ బ్రాకెట్ గానీ ఉంటే గడులు జరిగిపోతాయి. ముందు నుంచి కాకుండా చివరి బ్రాకెట్ వెతికి, అక్కణ్ణుంచి లెక్కపెట్టండి.

మోడరేటర్ | ఆదివారం, ఉదయం 11:50

అడిగిన ప్రశ్న ఆర్కైవ్ చేయాలా అని. ఇప్పటికి నాలుగు బగ్‌లు దొరికాయి. ఈ చర్చ పేరు మార్చమంటారా?

బెజవాడ_బ్యాష్ | ఆదివారం, రాత్రి 11:58

వద్దులెండి, పేరు అలాగే ఉండనివ్వండి.

పాప పడుకుంది, కూర్చున్నాను. 1.9 పెట్టాను. సిగ్‌హప్ హ్యాండ్లర్, పైప్‌తో కావలి పిల్ల, డాలస్ గారి మాక్ ప్యాచ్ (ఐదు లైన్లూ మూడుసార్లు చదివి కలిపాను), సిస్‌కంట్రోల్ లైను తీసివేత. పీఐడీఎఫ్‌డీ, పేరు వెతుకులాట 2.0కి.

రీడ్‌మీ మొదటి పేరా మార్చాను. ‘మీ దగ్గర సిస్టమ్‌డీ ఉండి, కోటా పెట్టే హక్కు ఉంటే ఈ టూల్ మీకు అక్కర్లేదు, ఆ కమాండ్ ఇదిగో’ అని. రూట్ గారి లైను అక్కడే పెట్టాను. అవేవీ లేనివాళ్ళకే కింద మిగతాది.

కొత్త ఫీచర్లు ఉండవు. సెట్‌యూఐడీ రూట్ (ఎవరు నడిపినా రూట్ అధికారంతో నడవడం) పెట్టమని ఒక పాత ఇష్యూ ఉంది, ఎవరి ప్రాసెస్‌నైనా ఎవరైనా ఆపేసేలా. దాన్ని మూసేశాను. ఒక శాతం కంటే తక్కువ పరిమితి అడిగినదాన్నీ మూసేశాను: మనం చదివే గడియారం 10 మిల్లీసెకన్లకోసారి కదులుతుంది, అంతకంటే సన్నగా కొలిస్తే అంతా ఊహే. ఆటోమేటిక్ టెస్టుల్లో ‘50కి అటూ ఇటూ 3’ అని రాసుకున్నదాన్ని ‘అటూ ఇటూ 10’ చేశాను. ఎవరిదో అద్దె మెషీన్ మీద పక్కవాడి పని ఎంతుందో దాన్ని బట్టి అది రోజుకోసారి ఎర్రగా మారుతోంది, దాన్ని చూసి నా బీపీ మారుతోంది.

అక్షర గారూ, మీ మేనల్లుడితో 1.9 వేయించుకోండి. అలాగే టెసెరాక్ట్ మొదలెట్టే ముందు ఓఎంపీ_థ్రెడ్_లిమిట్ అనే వేరియబుల్‌ని 1 చేయమనండి. నాలుగు థ్రెడ్ల బదులు ఒకటే నడుస్తుంది, నాలుగింట మూడు వంతుల సీపీయూ మీ పెళ్ళికార్డులకి ఉంటుంది. నిజానికి అప్పుడు కళ్ళెం అవసరమే రాకపోవచ్చు.

రూట్_యాక్సెస్ | సోమవారం, ఉదయం 6:05

సొంత టూల్ అక్కర్లేదని సొంత రీడ్‌మీలో రాసుకున్నవాణ్ణి మొదటిసారి చూస్తున్నాను. సరే, నా ‘నొక్కేయండి’ వెనక్కి.

వేడి సంగతి మాట్లాడేవాళ్ళకి ఒక మాట. ఆపి-వదిలితే నడిచే 40 మిల్లీసెకన్లూ చిప్ టర్బోలోనే (అదనపు వేగంలో) ఉంటుంది. టర్బో ఆపేసి అదే పనిని తాపీగా నడిపిస్తే వోల్టేజీ తగ్గుతుంది, అదే పనికి కరెంటు తక్కువ తింటుంది. మే నెలలో ల్యాప్‌టాప్ కాలుతోందంటే ముందు అది చూడండి.

అక్షర_డీటీపీ | మంగళవారం, ఉదయం 9:20

బ్యాష్ గారూ, మేనల్లుడు నిన్న సాయంత్రం కొత్తది వేశాడు. ఆ వేరియబుల్ సంగతి వచ్చేవారం చూస్తానన్నాడు. నేను ఎప్పట్లాగే ఇంటూ కొట్టి కొట్టు కట్టేశాను. పొద్దున తలుపు తీసేసరికి 312 పేజీలూ అయిపోయి ఉన్నాయి. రెండేళ్ళలో ఇదే మొదలు.

ఒక్కటే, కొట్టు వెనక గదిలోనే మా కాపురం. రాత్రంతా ఫ్యాను విమానంలా మోగింది, నిద్ర లేదని మా ఆవిడ అలిగి కూర్చుంది. కిటికీ మూసినా కళ్ళెం పట్టుకునే ఉండేలా ఏమైనా ఉందా అండి?

ఓరుగల్లు_పోరడు | మంగళవారం, ఉదయం 9:34

ముందర నోహప్ పెట్టుండ్రి మామా.

కెర్నలమ్మ | మంగళవారం, ఉదయం 9:41

నోహప్ పెట్టినా ఇప్పుడు పనిచేయదు. అది హప్‌ని పట్టించుకోవద్దని చెప్పి కమాండ్‌ని మొదలెడుతుంది, కానీ 1.9 వచ్చీ రాగానే సొంత హ్యాండ్లర్ పెట్టేసుకుంటోంది. హ్యాండ్లర్ పెట్టే ముందు, హప్ అప్పటికే ‘పట్టించుకోవద్దు’లో ఉందేమో చూసి, ఉంటే దాని జోలికి పోకూడదు.

బెజవాడ_బ్యాష్ | మంగళవారం, ఉదయం 9:50

ఆఫీసులో ఉన్నాను. రాత్రి పదకొండు తర్వాత 1.9.1.